మోతకర్రలు తీయని మందసం: ఎటోబికోలో తాత్కాలిక ఆరాధన

తెలుగు క్రైస్తవుల వాడుకలో సంఘం వేరు, మందిరం వేరు. గ్రీకు బైబిల్లోని 'ఎక్లేసియా' అన్న మాటకు తెలుగు అనువాదకులు 'సంఘము' అన్న మాటను స్థిరపరచడంతో, ఆదివారం కూడుకునే జనానికి ఒక పేరు, వాళ్లు కూడుకునే కట్టడానికి మందిరమనో గుడి అనో చర్చి అనో మరో పేరు నిలిచిపోయాయి. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకే మాట వాడతారు కనుక అక్కడి బోధకులు చర్చి అంటే విశ్వాసులేనని తరచూ గుర్తుచేయవలసి వస్తుంది. తెలుగులో ఆ పనిని భాషే చేసిపెట్టింది. అయినా మరమ్మతుల కోసమో అగ్నిప్రమాదం వల్లనో మందిరం మూతపడి, సంఘం కొన్ని నెలలపాటో కొన్నేళ్లపాటో పరాయి చోట ఆరాధించవలసి వచ్చినప్పుడు, ఈ రెండు మాటల నడుమ గీత భాషలో కనిపించినంత స్పష్టంగా బతుకులో ఉండదని తేలుతుంది. కట్టడంతోపాటు ఏవి వెనక ఉండిపోతాయి, జనంతోపాటు ఏవి నడిచివస్తాయి, ఏవి వారం వారం కొత్తగా అమర్చుకోవలసి వస్తాయి అన్నవి ఆ కాలంలోనే బయటపడతాయి. కెనడాలోని టొరంటో నగరపు పడమటి భాగమైన ఎటోబికో, ఈ సంగతిని దగ్గరగా చూడటానికి తగిన చోటు.

ఒంటారియో సరస్సు ఒడ్డు నుంచి ఉత్తరంగా, తూర్పున హంబర్ నదికీ పడమట ఎటోబికో వాగుకూ నడుమ పరుచుకున్న ఈ ప్రాంతానికి ఆ పేరు ఓజిబ్వే భాషలో ఆల్డర్ చెట్లు పెరిగే చోటు అన్న అర్థం గల మాట నుంచి వచ్చింది. 1998 జనవరి 1న టొరంటోలో కలిసిపోయేంతవరకూ ఇది విడి నగరం. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇక్కడి పొలాలు ఇళ్ల వరసలుగా మారినప్పుడు, ఆ ఇళ్లతోపాటే యునైటెడ్, ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, బాప్టిస్టు, కాథలిక్ సంఘాల మందిరాలూ లేచాయి. ఆ తరం కట్టడాలకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు నిండాయి కనుక పైకప్పు, బాయిలరు, కరెంటు తీగలు, నీటి గొట్టాలు దాదాపు ఒకేసారి మరమ్మతుకు వస్తున్నాయి. పైగా మెట్లు ఎక్కలేనివారికి దారి ఏర్పరచాలన్న ఆలోచన, వికలాంగుల ప్రవేశ సౌకర్యాల కోసం ఒంటారియో 2005లో చేసిన చట్టంతో బలపడింది.

పని మొదలుపెట్టిన తరువాత చాలా చోట్ల ఎదురయ్యే చిక్కు ఆస్‌బెస్టాస్. వేడి గొట్టాల చుట్టూ, సీలింగు పలకల్లో, నేల మీది టైల్సులో ఒకప్పుడు విరివిగా వాడిన ఈ పీచు ఖనిజం కదిలించనంతకాలం పెద్దగా హాని చేయదు గాని, పగిలి దుమ్ముగా గాలిలో కలిస్తే ఊపిరితిత్తుల్లో చేరి దశాబ్దాల తరువాత కూడా క్యాన్సర్ తెచ్చిపెట్టగలదు. ఒంటారియోలో ఈ పనిని 278/05 సంఖ్య గల నిబంధన నియంత్రిస్తుంది. ప్రమాదం ఎక్కువగా ఉండే తరహా పనికి ఆ భాగాన్ని గాలి చొరబడకుండా మూసివేసి, రక్షణ దుస్తులు వేసుకున్న పనివాళ్లు తప్ప మరెవరూ లోపల అడుగుపెట్టకుండా చూడాలి. కాబట్టి వారమంతా పని చేసుకుని ఆదివారం పూట బెంచీలు తుడిచి ఆరాధన జరుపుకుందామన్న ఆశ చాలాసార్లు ఫలించదు. సంఘం మూటాముల్లె సర్దుకోవలసిందే.

ఎక్కడికి వెళ్లాలన్నది ఆ తరువాతి ప్రశ్న. ఇరుగుపొరుగున ఉన్న మరో సంఘం చోటిస్తే అది అన్నిటికన్నా సులువు, ఎందుకంటే బల్ల, ప్రసంగ వేదిక, పియానో, వంటగది అక్కడ సిద్ధంగానే ఉంటాయి. లేకపోతే పాఠశాల జిమ్, కమ్యూనిటీ సెంటరు, విందుల హాలు, ఉత్తర ఎటోబికోలో గోదాముల వరసలో ఖాళీగా ఉన్న ఒక గది ఇలా వెతుక్కోవాలి. అయితే దొరికిన ప్రతి గదిలోనూ ఆరాధన పెట్టుకోవడానికి వీలుండదు. టొరంటోలో చాలా భాగానికి వర్తించే 569-2013 జోనింగ్ బైలా, అంటే ఏ నేలను ఏ పనికి వాడుకోవచ్చో నిర్ణయించే నగర శాసనం, 'ఆరాధనా స్థలం' అన్నదాన్ని ఒక ప్రత్యేక వినియోగంగా లెక్కిస్తుంది. పరిశ్రమలకు, ఉద్యోగాలకు కేటాయించిన నేలలో దానికి పరిమితులున్నాయి. పాఠశాల అయితే బోర్డు నుంచి పర్మిట్ తీసుకోవాలి, ఆ పర్మిట్ కూడా బడి సొంత అవసరాలకు లోబడే ఉంటుంది. పరీక్షలు గాని పోటీలు గాని ఉన్న వారం హాలు దొరక్కపోవచ్చు, అందుకే ఇలాంటి సంఘాల పెద్దలు రెండో చోటు కూడా మనసులో పెట్టుకుని తిరుగుతారు.

చోటు కుదిరాక, దేన్ని మోసుకుపోవాలన్న విషయంలో ఒక్కో సంప్రదాయం ఒక్కో తీరు. కాథలిక్ సంఘ చట్టంలోని 932వ నియమం ప్రకారం, అవసరం తప్పనిసరి చేస్తే తప్ప దివ్యపూజ పవిత్ర స్థలంలోనే జరగాలి. బయట జరపవలసి వచ్చినప్పుడు ఆ చోటు గౌరవప్రదంగా ఉండాలి, బల్ల మామూలుదైనా దాని మీద వస్త్రమూ, ఆపైన రొట్టెనూ పాత్రనూ ఉంచే చిన్న నారబట్టా తప్పక పరచాలి. తూర్పు సంఘాలకు దీనికోసం మరింత పురాతనమైన ఏర్పాటు ఉంది. ఎటోబికోలోని లా రోజ్ ఎవెన్యూలో సెయింట్ డిమెట్రియస్ పేరుతో ఉన్న యుక్రెయినియన్ కాథలిక్ ఆలయం ఆ సంప్రదాయానికి చెందినదే. వీరు 'ఆంటిమెన్షన్' అనే వస్త్రం వాడతారు: క్రీస్తును సమాధిలో ఉంచిన దృశ్యం చిత్రించి, బిషప్ ప్రతిష్ఠించి, సంతకం చేసి ఇచ్చే ఆ గుడ్డను మడతలు విప్పి పరిచిన చోట పూజ జరపవచ్చు. మడిచి చంకన పెట్టుకుపోగలిగే బలిపీఠం అన్నమాట. దానికి భిన్నంగా బాప్టిస్టులకు బల్ల గురించి ఇంత పట్టింపు లేదు గాని, విశ్వాసిని పూర్తిగా ముంచి బాప్తిస్మం ఇవ్వడానికి నీళ్ల తొట్టి కావాలి; మందిరం వేదిక కింద కట్టించుకున్న ఆ తొట్టి జిమ్‌కు రాదు. వేసవి అయితే సరస్సు ఉంది, కాని కెనడా చలికాలంలో ఒంటారియో సరస్సును తలచుకోలేం, అందువల్ల బాప్తిస్మాలు వాయిదా పడతాయి, లేదా తొట్టి ఉన్న మరో సంఘాన్ని అడిగి ఒక పూట చోటు తీసుకుంటారు.

కదిలే ఆరాధన అన్నది క్రైస్తవులకు కొత్తగా వచ్చిన ఇబ్బందేమీ కాదు. నిర్గమకాండం 25వ అధ్యాయంలో నిబంధన మందసాన్ని చేయించే వర్ణన ఉంది. దానికి నాలుగు బంగారు ఉంగరాలు, ఆ ఉంగరాల్లో దూర్చిన మోతకర్రలు, ఆ కర్రలను ఎన్నడూ తీయకూడదన్న ఆజ్ఞ ఉన్నాయి. ప్రత్యక్ష గుడారంలో మందసం నెలల తరబడి ఒకే చోట ఉన్నా, మోయడానికి సిద్ధంగానే ఉండాలన్నమాట. ఆది సంఘాలు కూడా ఇళ్లల్లోనే కూడుకునేవి. సిరియాలోని దురా యూరోపస్‌లో బయటపడిన మూడో శతాబ్దపు ఇల్లు ఇందుకు చక్కని ఆధారం, మామూలు నివాసాన్ని మార్చి ఒక గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టించుకున్నారక్కడ.

అయినా గుడారం తలుచుకుంటే ఊరట దొరుకుతుంది గాని పని తగ్గదు. జిమ్‌లో కూడుకునే సంఘానికి ఆదివారం ఆరాధన వేళకు రెండు గంటల ముందే మొదలవుతుంది. చక్రాల పెట్టెలు, స్పీకర్లు, మిక్సరు, కీబోర్డు, కీర్తనల పుస్తకాలు, పిల్లల రంగు పెన్సిళ్లు వాహనంలోంచి దిగుతాయి. నేల మీద బాస్కెట్‌బాల్‌కు ఒక రంగు, వాలీబాల్‌కు ఒక రంగు చొప్పున అడ్డదిడ్డంగా పోతున్న గీతల మీద మడత కుర్చీలు వరసలు కడతాయి. సరిగ్గా బుట్ట కిందే బల్ల వేయవలసి వస్తే, దాని మీద పరిచిన తెల్లగుడ్డ అంచులను ఎవరో ఒక పెద్దామె చేత్తో సరిచేస్తుంది, ఎందుకంటే ఆ గదిలో కంటికి మందిరంలా కనిపించేది ఆ గుడ్డ ఒక్కటే. ముసలివాళ్లు కాలు తగిలి పడిపోకుండా తీగలను టేపుతో నేలకు అంటించాలి. జనవరిలో అయితే బూట్లతో వచ్చిన మంచు కరిగి, రోడ్ల మీద చల్లే ఉప్పు తెల్లటి చారలుగా చెక్క నేల మీద మిగులుతుంది. ఆ నేల బడిది కాబట్టి గుమ్మం దగ్గర చాపలు పరవడం, చివర్లో తుడిచి ఇవ్వడం కూడా సంఘం పనే. దీవెన అయిన గంటలోపు ఇదంతా మళ్లీ పెట్టెల్లోకి పోవాలి. ఈ పని ఎప్పుడూ ఆ కొద్దిమంది మీదే పడితే వాళ్లు అలసి, ఏడాది తిరిగేసరికి తామే ఆరాధనకు దూరమవుతారు. వంతులు వేసుకున్న సంఘాలు నిలదొక్కుకుంటాయి, వేసుకోనివి నీరసిస్తాయి.

శబ్దం మరో సంగతి. ఎత్తయిన కప్పు, చెక్క తాపడం, బెంచీలు ఉన్న మందిరంలో పాట గాలిలో కాసేపు నిలిచి మెత్తగా కలిసిపోతుంది. ఎదురెదురుగా గట్టి గోడలున్న జిమ్‌లో అదే పాట గోడకు కొట్టిన బంతిలా తిరిగివస్తుంది. బోధకుడు నెమ్మదిగా మాట్లాడాలి, మైకు తగ్గించాలి, కుర్చీలను దగ్గరగా వేసి మనుషులతోనే గదిని నింపాలి. పైపు ఆర్గన్ వెంట పాడటానికి అలవాటుపడిన సంఘాలకు ఇది నిజంగా లోటే, ఎందుకంటే ఆ వాయిద్యం కట్టడంలో భాగంగా గోడలో ఇమిడి ఉంటుంది, దాన్ని ఊడదీసి మోసుకుపోలేరు.

ఇక్కడ తెలుగు సంప్రదాయం ఒక మెట్టు ముందుంది. పురుషోత్తమ చౌదరి (1803–1890) తరం నుంచి తెలుగు క్రైస్తవులు దేశీయ రాగతాళాల్లో కీర్తనలు కట్టుకున్నారు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేస్తారు. ఒక హార్మోనియం, ఒక డోలక్కు, జత తాళాలు ఉంటే చాలు, అవి కూడా లేకపోతే చప్పట్లు ఉన్నాయి. పల్లెల్లో సంఘాలు చెట్టు కిందో తాటాకు పాకలోనో పుట్టి, పాక తీసి పెంకుటిల్లు, పెంకుటిల్లు తీసి స్లాబు మందిరం కట్టుకుంటూ వచ్చాయి. ప్రతి మార్పులోనూ కొన్ని నెలలు ఎవరి వాకిట్లోనో షామియానా కిందే ఆరాధన జరిగేది. కరువు తరువాత 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు వాళ్లకు తొట్టీ లేదు, కప్పూ లేదు, ఏరే మందిరమైంది. మెదక్ కెథెడ్రల్ కూడా 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది; పదేళ్ల పాటు గోడలు లేస్తున్నంతసేపూ సంఘం జీవితం ఆగలేదు కదా.

ఈ చరిత్రకూ ఒంటారియోకూ నేరుగా ఒక బంధం ఉంది. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని ప్రారంభించిన శామ్యూల్ డే నేటి ఒంటారియోలో పుట్టినవాడే. తెలుగు బోధకుడు తామస్ గాబ్రియేల్ కాకినాడ ప్రాంతంలో అప్పటికే మొదలుపెట్టిన పనిని అందిపుచ్చుకుని 1874లో కెనడా బాప్టిస్టుల పక్షాన అక్కడికి వెళ్లినవాడు జాన్ మెక్లారిన్. కాకినాడలో మెక్లారిన్ హైస్కూలు పేరు వినని పాతతరం ఉండదు. కెనడా బాప్టిస్టు సంఘాలు పంపిన కానుకలతో గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల్లో మందిరాలు లేచిన శతాబ్దం దాటాక, ఆ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు ఇప్పుడు టొరంటో చుట్టుపక్కల స్థిరపడుతున్నాయి. సొంత మందిరం లేని వలస సంఘాలు సాధారణంగా ఇంగ్లీషు సంఘం ఉదయం ఆరాధన ముగించి వెళ్లిన తరువాత, మధ్యాహ్నమో సాయంత్రమో ఆ మందిరాన్నే అద్దెకు తీసుకుంటాయి. మరమ్మతు కోసం ఏడాది పాటు బయటికి వెళ్లిన సంఘానికి కష్టంగా తోచేది వీరికి ఏళ్ల తరబడి అలవాటు. అతిథేయ సంఘం మూతపడితే అద్దె సంఘం కూడా వీధిన పడుతుంది. ఇంటి యజమానికి దొరికే సానుభూతి అద్దెకున్నవారికి దొరకదు, ఆ సంగతి పట్టించుకునేవారు తక్కువ. తాత్కాలిక స్థలం గురించి ఆలోచించే పెద్దలు తమ కప్పు కింద మధ్యాహ్నం కూడుకునే వారిని కూడా మొదటి సమావేశానికే పిలవడం న్యాయం.

టొరంటో చరిత్రలో ఇలాంటి వలసలు చాలానే జరిగాయి. 1849 ఏప్రిల్ 7న, అంటే ఆ ఏడాది ఈస్టరుకు ముందురోజు, నగర నడిబొడ్డును దహించిన పెద్ద అగ్నిప్రమాదంలో సెయింట్ జేమ్స్ ఆంగ్లికన్ కెథెడ్రల్ బూడిదయింది. ఆ సంఘం కొంతకాలం, రెండేళ్ల కిందటే కట్టిన హోలీ ట్రినిటీ చర్చిలో తలదాచుకుంది. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో స్థోమత ఉన్న కుటుంబాలు మందిరంలో బెంచీలను అద్దెకు తీసుకుని తమ పేర కేటాయించుకునేవి, పేదవాళ్లు మిగిలిన చోట కూర్చునేవారు. హోలీ ట్రినిటీ మాత్రం, ఇంగ్లండు నుంచి ఒక స్త్రీ పేరు చెప్పకుండా పంపిన విరాళంతో, అందులోని బెంచీలన్నీ ఎప్పటికీ అందరికీ ఉచితమన్న షరతు మీద కట్టింది. నిప్పు వల్ల నిరాశ్రయులైన ధనిక సంఘం, బెంచీకి వెల లేని మందిరంలో కూర్చోవలసి వచ్చింది. నేటి సెయింట్ జేమ్స్ కట్టడం 1853లో తెరుచుకుంది.

1925 జూన్ 10న మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లలో అత్యధికులు కలిసి యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడాగా ఏర్పడిన ప్రారంభ ఆరాధన జరిగింది కూడా మందిరంలో కాదు, టొరంటో మ్యూచువల్ స్ట్రీట్ అరీనాలో, ఐస్ హాకీ ఆడే చోట. అంతమందిని పట్టే మందిరం నగరంలో లేదు. ఇరవై రెండేళ్ల తరువాత, 1947 సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘం అదే రకమైన ఐక్యతతో మద్రాసులో ఏర్పడింది గనుక తెలుగు పాఠకులకు ఈ హాకీ మైదానపు ఆరాధన పరాయిది కాదు.

ఇటీవలి రెండు అగ్నిప్రమాదాలను ఇక్కడి క్రైస్తవులు మరువలేదు. ఎటోబికోకు పక్కనే ఉన్న బ్రాంప్టన్‌లో, 1995లో యుక్రెయిన్ కొండప్రాంతపు పద్ధతిలో చెక్కతో కట్టిన సెయింట్ ఎలియాస్ ఆలయం 2014 ఏప్రిల్ 5న పూర్తిగా కాలిపోయింది. ఆ సంఘం ఒక కాథలిక్ పాఠశాలలో ఆరాధన జరుపుకుంటూనే మళ్లీ చెక్కతోనే, అదే రూపంలో కట్టుకుని 2016లో తిరిగి ప్రవేశించింది. టొరంటోలోని సెయింట్ ఆన్స్ ఆంగ్లికన్ చర్చి 2024 జూన్ 9న, ఆదివారం ఉదయం ఆరాధనకు ముందే అంటుకుంది. లోపల ఎవరూ లేరు, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. 1907–08లో బైజాంటైన్ తరహా గుమ్మటంతో కట్టిన ఆ మందిరంలో 1923లో జె.ఇ.హెచ్. మెక్‌డొనాల్డ్, ఫ్రెడరిక్ వార్లీ, ఫ్రాంక్లిన్ కార్మైకేల్ వంటి 'గ్రూప్ ఆఫ్ సెవెన్' చిత్రకారులు కుడ్యచిత్రాలు వేశారు. కెనడా చిత్రకళకు అది తీరని నష్టం. సంఘం దగ్గరలోని తన పారిష్ హాలులోనే కూడుకోవడం కొనసాగించింది. ఇలాంటప్పుడు మందిరం పోతే ఏమైంది, సంఘం ఉంది కదా అని తేలికగా అనేయడం అన్యాయం. పిల్లలకు బాప్తిస్మం ఇప్పించిన తొట్టి, పెళ్లి నాడు నడిచిన నడవా, తండ్రి శవపేటిక ఉంచిన చోటు పోయిన దుఃఖం నిజమైనది, దాన్ని ఏడవనివ్వాలి.

అన్నిటికన్నా విచిత్రమైన తాత్కాలిక స్థలం 2020లో వచ్చింది. కోవిడ్ వల్ల ఒంటారియో మార్చి 17న అత్యవసర పరిస్థితి ప్రకటించాక మందిరాలు మూతపడి ఆరాధన తెర మీదికి వెళ్లింది. మే నెలలో కార్లలోనే కూర్చుని పార్కింగ్ స్థలంలో ఆరాధించడానికి అనుమతి వచ్చింది. జూన్ 12 నుంచి కట్టడంలో పట్టే జనంలో 30 శాతం మేరకు లోపల కూడుకోనిచ్చారు. తెర ముందు ఇంట్లోని రొట్టెను తీసుకుంటే అది ప్రభు సంస్కారమవుతుందా అన్న ప్రశ్నకు కొన్ని సంప్రదాయాలు అవునన్నాయి, కొన్ని కాదన్నాయి.

స్థలం మారితే ముందుగా జారిపోయేవారు వృద్ధులు. బస్సు మారవలసి రావడం, కొత్త చోట మరుగుదొడ్డి ఎక్కడో తెలియకపోవడం, తాము నలభై ఏళ్లుగా కూర్చున్న బెంచీ లేకపోవడం వంటివి పెద్దల సమావేశంలో చిన్న విషయాలుగా వినిపిస్తాయి, కాని ఒక ముసలామె ఇంట్లో ఉండిపోవడానికి ఇవి చాలు. అందుకే కార్లలో ఎక్కించుకు రావడానికి మనుషులను పెట్టడం, పాత మందిరంలోని ఒకటి రెండు వస్తువులు, సిలువో బైబిలు పీఠమో, ప్రతి వారం కళ్లబడేలా తేవడం, ఇళ్ల దగ్గర కుటుంబ ప్రార్థనలు పెంచడం తెలివైన సంఘాలు చేసే పనులు. ఆదివారంతోపాటు వారం మధ్య జరిగేవి కూడా ఉన్నాయి: ఆహారం పంచే కేంద్రం, మద్యం మానాలనుకునేవారి సమావేశాలు, స్కౌట్లు. ఆరాధనకు చోటు చూసుకున్న సంఘం వీటికి చోటు చూడటం మరిస్తే, గుమ్మం దాటి లోపలికి ఎన్నడూ ప్రార్థనకు రాని పొరుగువారు కూడా ఏదో పోగొట్టుకుంటారు.

వెళ్లిన సంఘాలన్నీ తిరిగిరావు. ఎటోబికో దక్షిణాన మిమికోలో, రాయల్ యార్క్ రోడ్డు మీద, 19వ శతాబ్దపు తొలి సగంలో ఏర్పడిన ఆంగ్లికన్ సంఘపు క్రైస్ట్ చర్చి 2006లో అగ్నికి ఆహుతైంది. ఆ పేరు ఇప్పుడు పార్క్ లాన్ రోడ్డులో, 'క్రైస్ట్ చర్చి సెయింట్ జేమ్స్' అని రెండు సంఘాల పేర్లు కలిపి పెట్టుకున్న మందిరం బోర్డు మీద ఉంది. పాత చోట, రైలు మార్గానికి దగ్గరగా, సమాధుల తోట మాత్రం మిగిలింది. ఆ రాళ్ల మీది పేర్లను ఎక్కడికీ తీసుకుపోలేదు.